అడుగుల తాత కొలిచిన నేల

ఆ ఇంట్లో ఆ పొద్దున గొడవ కోళ్ల గూడు దగ్గర మొదలైంది. గూడు మురికిగా ఉందని కాదు, మరీ శుభ్రంగా ఉందని.

"అమ్మాయ్, ఒకసారి ఇలా రా," అని పెరట్లోంచి అత్తగారు కేక వేసింది. "నిన్న నువ్వేమైనా గూడు ఊడ్చావా?"

"లేదత్తయ్యా. నాకు తీరికెక్కడిది?"

"నేనూ ఊడవలేదు. మీ ఆయన సంగతి సరేసరి, కాళ్లకి చీపురు అడ్డం పడ్డా దాటుకుపోయే మనిషి. మరెవరు ఊడ్చినట్టు? పదిహేను కోళ్లు పడుకున్న గూడు ఇది. చుట్టాలొస్తున్నారని సర్దిన గదిలా ఉంది చూడు!"

కోడలు వంగి గూట్లోకి తొంగిచూసింది. నిజమే, అడుగున గరిటెడు రెట్ట కూడా లేదు. గోడ వారన పోగుపడాల్సిన కూరగాయల తొక్కలు లేవు. చెట్టు కింద రాలిన ఆకులు లేవు. పాత గడ్డివాములో చివికిపోయిన అడుగు గడ్డిని కూడా ఎవరో దువ్వి తీసుకుపోయారు. చెత్తకి కూడా దొంగలుంటారా అని ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతో పాటే లోపల పురుగు తొలవడం మొదలుపెట్టింది.

ఆ పురుగు ఆమెకి పుట్టుకతో వచ్చింది. ఊరంతా ఆమెని ఆరాలమ్మ అంటారు. పక్కింట్లో దీపం ఆలస్యంగా వెలిగితే ఎందుకు, బావిలో నీళ్లు తగ్గితే ఎన్ని మెట్లు, ఎద్దు కుంటితే ఏ కాలు, అడక్కుండా ఉండలేదు. కొందరు విసుక్కుంటారు, కొందరు ఆమె వస్తుంటే తలుపు దగ్గరగా వేసుకుంటారు. అయినా సంఘానికి పనిపెద్ద కావాల్సి వచ్చినప్పుడు ముప్ఫై రెండు కుటుంబాలూ చేతులెత్తింది ఈ ఆరాలమ్మకే.

మూడేళ్ల కిందటి వరకూ ఆ ముప్ఫై రెండు కుటుంబాలకీ సెంటు భూమి లేదు. అందరూ ఒకే భూస్వామి దగ్గర కూలీలు. కొత్త చట్టం వచ్చి, పరిమితికి మించి ఉన్న ఎనభై ఎకరాలు ఆయన దగ్గర్నుంచి తీసుకుని వీళ్లకి ఇచ్చారు. పంచుకుంటే ఇంటికి రెండున్నర ఎకరాలు. అలా ముక్కలైతే ట్రాక్టరు గానీ మోటారు గానీ ఎవరి వల్లా కాదని, గట్లన్నీ చదును చేసి కలిసి సాగుచేద్దామని అనుకున్నారు. పొద్దున్నే సంఘం షెడ్డు దగ్గర వేలాడే రైలు పట్టా ముక్కని పనిపెద్ద సుత్తితో మోగిస్తుంది. ఆ రోజు ఎవరు ఏ పనికో చెబుతుంది. సంఘానికి నియమాలు నాలుగే. మూడోది ఆమే పట్టుబట్టి రాయించింది. ఉమ్మడి చేలో ఎవరూ గట్టు వెయ్యకూడదు, హద్దురాయి పాతకూడదు. పాతితే ఆ కుటుంబానికి సంఘంలో చోటు లేదు.

"మావయ్య ఏరీ?" అని అడిగింది చేతులు కడుక్కుంటూ.

"ఇంకెక్కడ, నడకకి. మోకాళ్ల నొప్పులు తగ్గాలంటే నడవమన్నాడుగా డాక్టరు. తెల్లారకముందే లేచి పోతున్నాడు. నాతో సంత దాకా రమ్మంటే మాత్రం ఆ మోకాళ్లే అడ్డమొస్తాయి."

మావగారిని ఊళ్లో అడుగుల తాత అంటారు. టేపూ గొలుసూ లేకుండా, ఉత్త అడుగులతో మడి కొలిచి ఇంత అని చెప్పేవాడు. సర్వేయరు వచ్చి గొలుసు పరిచి చూసుకుని, నోరు మూసుకుని వెళ్లిపోయేవాడు. భూస్వామి నలభై ఏళ్ల పాటు ఏ మడి కౌలుకిచ్చినా ఈయన చేతే కొలిపించాడు. ఇంతటి పనితనం ఉన్నా, ఆయన గొంతు ఎలా ఉంటుందో వీధిలో సగం మందికి తెలియదు. అంత తక్కువ మాట్లాడతాడు.

ఆ రోజు మధ్యాహ్నం మీసాలాయన షెడ్డు దగ్గరికి ఒక రాయి మోసుకుని వచ్చాడు. సంఘంలో సభ్యుడే గానీ, ఎవరి ముక్క వాళ్లకి పంచేసుకోవాలని మొదట్నుంచీ ఆయన వాదన. రాయిని ఆమె కాళ్ల దగ్గర దబ్బున పడేశాడు.

"పనిపెద్దగారూ, ఇదేంటో చెప్పండి."

"రాయి."

"హద్దురాయి! చవుడు నేలలో దొరికింది. ఇంకో మూడున్నాయి. రండి, చూపిస్తా."

ఎనభై ఎకరాల్లో పడమటి వైపు పదెకరాలు ఒట్టి చవుడు. ఉప్పు పేరుకుని నేలంతా సున్నం చల్లినట్టు తెల్లగా ఉంటుంది. మూడేళ్లలో అక్కడ గడ్డిపరక మొలవలేదు, అందుకని ఎవరూ అటు పోరు. అలాంటి చోట, ఆ తెల్లటి నేలలో ఒక మూల, నాలుగు మంచాలు వేసినంత మేర జొన్న మోకాలెత్తు పెరిగి గాలికి ఊగుతోంది.

ఆమె కోప్పడాలి. పనిపెద్ద కదా. కానీ ముందు కోపం రాలేదు, ఆశ్చర్యం వచ్చింది. గబగబా వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. పైనున్న ఉప్పు పెచ్చుని ఎవరో ఓపిగ్గా గీకి తీసేశారు. పక్కనే చిన్న కాలవ తవ్వి, ఎగువ పొలాల్లోంచి వృథాగా పోయే నీటిని ఇటు మళ్లించి, ఉప్పుని కడిగి అవతల పల్లంలోకి వదిలారు. వేలితో మట్టి తవ్వి చూసింది. నల్లటి ఒండ్రు, చివికిన గడ్డి, కుళ్లిన ఆకులు. ఎంత పని ఇది! ఎన్ని తట్టలు మోసి ఉంటారు! ఇంకాస్త తవ్వేసరికి వేలికి ఏదో తగిలింది. తీసి చూస్తే, ఎర్రటి కోడి ఈక.

ఆమె గుప్పిట మూసేసింది.

"ఆదివారం సభ పెట్టించండి," అంటున్నాడు మీసాలాయన. "ఈ దొంగ సాగు ఎవడిదో తేలాలి. తేలితే మీ మూడో నియమం ప్రకారం బయటికి పంపండి. తేలకపోయిందా, ఆ నియమాన్ని చింపేసి ఎవరి భాగం వాళ్లకి పంచండి. ఏమంటారు?"

"పెట్టిస్తా," అంది. గుప్పిట్లో ఈక నిప్పులా ఉంది.

మర్నాడు తెల్లవారుతుండగా మావగారు గోనెసంచి భుజాన వేసుకుని వాకిలి దాటడం ఆమె కిటికీలోంచి చూసింది. వెనకాలే బయల్దేరింది. ఆయన చవుడు నేల దాకా వెళ్లి, సంచి గుమ్మరించి, పారతో సర్ది, ఆ తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. రాళ్లలో ఒకటి లేకపోవడం చూశాడు. అది ఉండాల్సిన గుంతని కాసేపు చూసి, మిగతా రాళ్ల వెంట అడుగులు వేయడం మొదలుపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి.

"లెక్క ఎంతయింది మావయ్యా?" అంది వెనకనుంచి.

ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. చేతిలో పార వదల్లేదు, అబద్ధం ఆడాలనీ చూడలేదు.

"ఇంకా ఓ పక్క మిగిలింది," అన్నాడు.

"మీరేనా? నిజంగా మీరేనా?" అంది ఆమె. "మూడో నియమం నేను చదువుతుంటే మీరు ముందు వరసలో కూర్చున్నారు. చెయ్యి కూడా ఎత్తారు!"

"ఎత్తాను."

"మరి ఇదేంటి? రెండున్నర ఎకరాలు కొలుచుకుని రాళ్లు పాతుకున్నారా? ఇంటిల్లిపాదినీ సంఘంలోంచి గెంటేస్తారని తెలీదా? ఇన్నాళ్లూ కూలి చేసినప్పుడు లేని ఆశ ఇప్పుడెందుకొచ్చింది మీకు?"

ఆశ అనే మాట ఆయనకి ఎక్కడో తగిలింది. పారని నేలకి ఆనించి, మెల్లగా ఇంటి దారి పట్టాడు. ఆమె రెండడుగులు వెనక నడిచింది. 

ఇంట్లో మాటలకి కొదవ లేకపోయింది. ఆమె భర్త సంఘం ట్రాక్టరు నడుపుతాడు, అందుకని అందరికీ డ్రైవరే. సంగతి వినగానే చెప్పులేసుకున్నాడు.

"ఇప్పుడే పోయి ఆ మూడు రాళ్లూ పీకి కాలవలో పడేసి వస్తా. ఆదివారం నాటికి ఎవడికి తెలుస్తుంది?"

"నాకు తెలుసుగా," అంది ఆమె.

"నువ్వు చెప్పకు!"

"రేపు ఇంకొకరి ఇంటి రాయి దొరికితే ఏ మొహం పెట్టుకుని అడగను? నా వల్ల కాదయ్యా."

"అంటే కన్నతండ్రి లాంటి మనిషిని నలుగురిలో నిలబెడతావా?" అని అత్తగారు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "ఇన్నేళ్లు ఒకడి చేను దున్నిపెట్టాడు. గుప్పెడు కోడిరెట్ట ఎత్తుకుపోయాడని ఊళ్లోంచి తరిమేస్తావా? పనిపెద్దవైతే బయట! ఇక్కడ కోడలివి!"

"కోడలిని కాబట్టే ఏడుపొస్తోంది అత్తయ్యా. లేకపోతే ఈపాటికి పట్టా మోగించి ఊరంతటికీ చెప్పేదాన్ని."

అప్పటిదాకా గడప మీద కూర్చుని ఉన్న మావగారు గొంతు సవరించుకున్నాడు. ఆ చప్పుడుకే ముగ్గురూ ఊరుకున్నారు.

"ఆశే అయి ఉంటుందమ్మా. పొద్దుట్నుంచీ అదే ఆలోచిస్తున్నా," అన్నాడు. "భూమి ఇచ్చిన రోజు నేను మన సంఘం అధ్యక్షుడిని అడిగా, మరి నాదేది బాబూ అని. అంతా నీదే తాతా అన్నాడు. సంతోషంగా ఇంటికొచ్చా. మర్నాడు పోయి చూస్తే గట్లు లేవు. నేను కొలిచిన మడి ఒక్కటీ ఆనవాలు లేదు. తెలిసిన చేలో దారి తప్పినట్టయింది. అంతా నీదే అంటే నాకేదీ కనబడటం లేదమ్మా. ఒకడి చేను ఎంతో చెప్పగలను. నాదెంతో ఒక్కసారి కంటితో చూసుకుందామనిపించింది. అంతే."

"మరి చవుడెందుకు నాన్నా? కాలవ పక్కన నల్లమట్టి ఉండగా?" అన్నాడు డ్రైవరు.

"మంచి నేల తీసుకుంటే దొంగతనం కదురా."

అత్తగారు గరిటె పట్టుకునే మొహం పక్కకి తిప్పుకుంది. డ్రైవరు చెప్పులు విప్పేశాడు. కోడలికి తన మీద తనకే కోపం వచ్చింది. ఊరందర్నీ ఆరా తీసింది తను. ఒకే చూరు కింద మూడేళ్లుగా తిరుగుతున్న మనిషిని, గట్లు పీకేసిన నాడు మీకెలా ఉంది మావయ్యా అని ఒక్కసారి అడగలేదు. అంతా మనదే అని షెడ్డు ముందు నిలబడి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఆ మాట ఈయనకి ఎలా వినబడిందో కనుక్కోవాలని ఎప్పుడూ తోచలేదు. ఆశ అన్నందుకు నాలుక కొరుక్కుంది.

"ఆదివారం నేనే చెబుతా మావయ్యా," అంది చివరికి. "మీరేం మాట్లాడొద్దు."

ఆదివారం ముప్ఫై రెండు కుటుంబాలూ షెడ్డులో కూర్చున్నాయి. ఆమె లేచి, సుత్తిని బల్ల మీద పెట్టింది.

"ఆ రాళ్లు మా ఇంటివి. పాతింది మా మావయ్య. నియమం నేనే రాయించా కాబట్టి మాకు మినహాయింపు అడగను. నా పనిపెద్దరికం ఇదిగో, ఈ సుత్తితో పాటు ఇచ్చేస్తున్నా."

షెడ్డంతా కలకలం రేగింది.  ఇంత సులువుగా తేలుతుందని మీసాలాయన అనుకోలేదు, సిద్ధం చేసుకొచ్చిన ఉపన్యాసం పాడైపోయింది.

"ముందు ఎంత ఆక్రమించాడో తేల్చండి," అన్నాడు. "కొలతలో ఆరితేరిన మనిషి. రెండున్నర అని మూడు కలిపేసుకుని ఉంటాడు."

అందరూ బయల్దేరారు. టేపు పట్టుకుంది మీసాలాయనే. నాలుగు వైపులా పరిచి, కాగితం మీద గుణించి, మొహం చిట్లించి, మళ్లీ పరిచాడు. రెండోసారీ అదే వచ్చింది. ఎకరా అరవై సెంట్లు.

"రెండున్నర ఉండాలే," అన్నాడు అడుగుల తాత. ఆయన గొంతు వినడం అక్కడ చాలామందికి అదే మొదటిసారి. "నా అడుగులు తప్పవు. ఇటు ఎన్నో అటు ఎన్నో నాకు తెలుసు. మూడుసార్లు వేశా."

"అడుగులు తప్పలేదు మావయ్యా," అంది కోడలు మెల్లగా. ఆయన నడుస్తుంటే వెనకనుంచి చూసింది తనే. "లెక్క వయసులో ఉన్నప్పటిది. కాళ్లు ఇప్పటివి."

ఆయన కిందికి, తన మోకాళ్ల వైపు చూసుకున్నాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు చివర్లో తడబడి ఆగిపోయింది. సంఘం నారుమడిలో నారు తీసే ముసలమ్మ ముక్కు చీది ముందుకొచ్చింది.

"నేనూ అడిగానయ్యా, నాదేదని. అంతా నీదే అన్నారు. మా అల్లుడూ అంతే, ఇల్లంతా మీదే అత్తయ్యా అంటాడు, మంచం మాత్రం వరండాలో వేస్తాడు. మొక్కలు తడుపుతూ ఎన్నిసార్లు అనుకున్నానో, వీటిలో నావి ఎన్నో అని. రాయి పాతే తెలివి లేకపోయింది గానీ!"

ఈసారి అందరూ మనసారా నవ్వారు. మీసాలాయన నవ్వలేదు. జొన్న దగ్గర కూర్చుని, మట్టిని చేత్తో తీసుకుని, నలిపి, వాసన చూస్తున్నాడు.

"ఆక్రమించేవాడు ఎవడైనా తన భాగం కంటే తక్కువ ఆక్రమిస్తాడా?" అన్నాడు తనలో తను. తర్వాత తలెత్తి, "అది సరే గానీ తాతా, ఈ చవుట్లో జొన్న ఎలా మొలిపించావు? ముందు అది చెప్పు. బహిష్కరించడానికి తొందరేముంది, తర్వాతైనా చెయ్యొచ్చు."

అడుగుల తాత చెప్పాడు. పెచ్చు ఎంత లోతు గీకాలో, నీళ్లు ఎన్ని రోజులు నిలిపి వదలాలో, ఒండ్రు ముందా గడ్డి ముందా, అన్నీ చెప్పాడు. జీవితంలో ఒక్కసారిగా అన్ని మాటలు ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. ఒకరు అడుగుతుంటే ఇంకొకరు అడ్డుపడి అడిగారు. ఆ పూట ఊళ్లో అందరూ ఆరాలమ్మలే అయ్యారు. చివరికి అధ్యక్షుడు నలుగురి మాటా కనుక్కుని తీర్పు చెప్పాడు. నియమం నియమమే, రాళ్లు తాతే పీకాలి. కుటుంబం సంఘంలోనే ఉంటుంది. శిక్ష ఏమిటంటే, పదెకరాల చవుడూ బాగయ్యేదాకా తాత దాన్ని దగ్గరుండి చేయించాలి, మనుషుల్ని సంఘం ఇస్తుంది. సుత్తిని మీసాలాయనే తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"పంచుకోవాలన్న మాట మీద నేనింకా ఉన్నా," అన్నాడు గంభీరంగా. "చవుడు సంగతి తేలాక మాట్లాడదాం."

మావగారు రాళ్లు ఒక్కొక్కటే పీకాడు. ఆఖరి రాయి లేపాక ఆ గుంతని పాదంతో పూడ్చి, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. పేరుకే శిక్ష గానీ, ఆయనకి దక్కింది గౌరవమే. అయినా ఆయన అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదని కోడలికి అర్థమైంది.

మర్నాడు పొద్దున పట్టా మోగించి అందరికీ పనులు చెప్పాక, ఆమె ఆయన దగ్గరికి వచ్చింది.

"మావయ్యా, మొత్తం చేను చుట్టూ ఎప్పుడైనా కొలిచారా?"

"లేదమ్మా. ఆ భూస్వామి ఏ మడికా మడి కొలిపించేవాడు గానీ, మొత్తం తిరగనిచ్చేవాడు కాదు. తనకెంతుందో కూలివాళ్లకి తెలియడం ఆయనకి ఇష్టం లేదు."

"అయితే ఈ రోజు మీ పని అదే. పదండి, నేనూ వస్తా."

చేను మూల నుంచి మొదలుపెట్టారు. ఆయన పెదాలు కదుపుతూ అడుగులు వేశాడు, ఆమె పక్కన నడిచింది. సంగతి తెలుసుకున్న అత్తగారు నీళ్ల చెంబుతో వెనకాలే వచ్చింది. "సంత దాకా రాని మోకాళ్లు ఇక్కడికి మాత్రం వస్తాయి," అని సణుగుతూనే నడిచింది. కాలవ గట్టు వెంట వెళ్లారు, నల్లమట్టిలో పత్తి పక్కనుంచి వెళ్లారు, దున్నుతున్న ట్రాక్టరు మీద నుంచి కొడుకు చెయ్యూపాడు. ప్రతి మలుపులోనూ ఆయన ఆగి, వెనక్కి తిరిగి నడిచినంతా చూసుకుని, మళ్లీ బయల్దేరాడు. నారు తీసే ముసలమ్మ నడుం ఎత్తి, "ఎంతుందయ్యా మనది?" అని కేక వేసింది. ఆయన చేత్తో ఆగమని సైగ చేశాడు, లెక్క పోతుందని.

ఎండ నెత్తిమీదికొచ్చేసరికి మూడు వైపులు అయ్యాయి. చవుడు నేల దగ్గర, పచ్చటి జొన్నకి ఎదురుగా, ఆయన ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ఎంతయింది మావయ్యా?" అంది ఆమె.

 ఆయన కళ్లకి చేయి అడ్డుపెట్టుకుని దూరంగా చూస్తున్నాడు. ఎటు చూసినా గట్టు లేదు, రాయి లేదు. చూపు ఎక్కడా ఆగకుండా వాళ్లు బయల్దేరిన మూల దాకా పోయింది. కళ్లలోంచి నీళ్లు కారి గడ్డంలోకి దిగుతున్నా తుడుచుకోలేదు.

"లెక్క తప్పిందమ్మా," అన్నాడు.

నలభై ఏళ్లలో ఆ మాట ఆయన నోట ఎవరూ వినలేదు. అత్తగారు చెంబు అందించబోయి, తను కూడా కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కోడలు ఆయన చెయ్యి పట్టుకుంది.

"పోనీండి మావయ్యా, ఇంటికి పోదామా? రేపు మళ్లీ కొలుద్దాం."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇంకో పక్క ఉంది కదా. లెక్కలేకుండా నడుద్దాం పద."